ఎక్కొద్దన్న కొండ: ఉలూరు, అనంగుల ధర్మం, మన ప్రశ్నలు

‘లోపలికి రావద్దు’ అన్న మాట వినపడితే దళితులకి ఒళ్ళు మండటం సహజం. గుడి దగ్గర, బావి దగ్గర, హోటల్లో రెండో గ్లాసు దగ్గర తరతరాలుగా విన్న మాట అది. 1927లో మహద్ చవదార్ చెరువు నీళ్ళు తాగటానికి, 1930లో నాసిక్ కాలారాం గుడి తలుపు తట్టటానికి అంబేద్కర్ నాయకత్వాన వేలమంది కదిలింది ఆ మాటని తుడిచెయ్యటానికే. అలాంటి చరిత్ర ఉన్న మనం, ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారిలో ఉన్న ఒక పెద్ద శిల మీదికి ఎవరూ ఎక్కవద్దని అక్కడి మూలవాసులు అంటే ఎట్లా అర్థం చేసుకోవాలి? పవిత్రత పేరు మీద పెట్టిన ప్రతి నిషేధమూ ఒకటేనా? ఆ శిలని చూసి, దాని చుట్టూ నడిచి వచ్చిన మాకు ఎదురైన ప్రశ్న ఇది. ముందు ఆ చోటు గురించి, ఆ మనుషుల గురించి, వాళ్ళ పోరాటం గురించి చెప్పి తర్వాత ఈ ప్రశ్న దగ్గరికి వస్తాం.

చోటు, పేరు

ఉలూరు నార్తర్న్ టెరిటరీ దక్షిణ భాగంలో ఉంది. దగ్గరి పట్నం అంటే ఆలిస్ స్ప్రింగ్స్. అది కూడా రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. చుట్టూ ఎర్ర ఇసుక, సూదుల్లాంటి గడ్డి దుబ్బులు, అక్కడక్కడా సన్నటి చెట్లు. ఆ చదును నేల మీద 348 మీటర్ల ఎత్తున, 9.4 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఒకే ముద్దగా నిలబడి ఉంటుంది ఈ శిల. భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది ఆర్కోజ్ అనే ఇసుకరాయి. సుమారు 55 కోట్ల ఏళ్ళ కింద కొండల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుని గట్టిపడింది. తర్వాత భూమి పొరలు ముడతపడి దాన్ని దాదాపు నిలువుగా లేపాయి. రాయి అసలు రంగు బూడిద. అందులో ఉన్న ఇనుము గాలికీ తేమకీ తుప్పు పట్టటం వల్ల పైపొర ఎర్రబడింది. పొద్దు వాలేటప్పుడు ఆ ఎరుపు నిప్పుకణికలాగా మారుతుంది. దాన్ని చూట్టానికే లోకం నలుమూలల నుంచీ జనం వస్తారు.

ఉలూరు అంటే మన చెవికి ఏలూరు, నెల్లూరు అన్నట్టే ఉంటుంది. అది శబ్దంలో పోలిక, అంతకుమించి ఏమీ లేదు. ఆ పేరు అక్కడి అనంగులది. పిచంచచర, యాంకుంచచర భాషలు మాట్లాడే ఆ ప్రజలు తమని తాము అనంగులు అని పిలుచుకుంటారు. 1873లో విలియం గాస్ అనే సర్వేయరు అక్కడికి వచ్చి, సౌత్ ఆస్ట్రేలియా వలస ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెన్రీ ఏయర్స్ పేరు దానికి తగిలించాడు. నూరేళ్ళకి పైగా పటాల్లో అది ‘ఏయర్స్ రాక్’. 1993లో రెండు పేర్లూ పక్కపక్కన పెట్టారు. 2002లో గానీ ఉలూరు పేరు ముందుకి రాలేదు. మన వాడలకి, మన మనుషులకి ఊరివాళ్ళు పెట్టిన పేర్లు గుర్తుంటే, ఈ వరస మార్పు ఎందుకు చిన్న విషయం కాదో వేరే చెప్పనక్కర్లేదు. పేరు పెట్టేవాడు హక్కు కూడా తనదే అనుకుంటాడు.

చుకుర్ప అంటే కల కాదు

అనంగుల బతుకుకి మూలం చుకుర్ప. మధ్య ఆస్ట్రేలియాలోని మరో ప్రజ, అర్రర్న్ల మాటని అనువదించబోయి 19వ శతాబ్దం చివర్లో స్పెన్సర్, గిల్లెన్ అనే ఇద్దరు తెల్లవాళ్ళు ‘స్వప్నకాలం’ అనే అర్థం వచ్చే మాట వాడారు. అది పుస్తకాల్లో నిలిచిపోయింది. అనంగులు దీన్ని ఒప్పుకోరు. చుకుర్ప కలా కాదు, కల్పనా కాదు అంటారు. లోకం రూపం దిద్దుకున్న కాలం, ఆ కాలంలో తిరిగిన పూర్వీకుల చరిత్ర, ఎవరు ఎవరికి ఏమవుతారన్న చుట్టరికం, ఎవరిని పెళ్ళాడవచ్చన్న నియమం, ఏ నీటిగుంట ఎక్కడుందన్న జ్ఞానం, ఏ రుతువులో ఏ గడ్డి తగలబెట్టాలన్న పని, ఇవన్నీ కలిసిందే చుకుర్ప. ఒక్క మాటలో చెప్పాలంటే వాళ్ళ చట్టం. అది కాగితం మీద రాసింది కాదు. నేల మీద, రాతి మీద ఉంది. పాటలో, ఇన్మ అనే ఆటపాటల క్రతువులో ఉంది.

ఇది మనకి బొత్తిగా అర్థంకాని సంగతేమీ కాదు. జాంబ పురాణాన్ని పటం చూపిస్తూ చెప్పే డక్కలివాళ్ళని, ఆడి చూపించే చిందువాళ్ళని ఎరిగినవాళ్ళకి, గ్రంథం లేకుండానే ఒక జాతి చరిత్ర నిలవగలదని తెలుసు. ఆ కథ ఎవరు చెప్పాలో, ఎవరి ముందర చెప్పాలో కట్టుబాటు ఉండటం కూడా తెలుసు. అనంగుల దగ్గర పటం స్థానంలో కొండ ఉంది.

రాతి మీద కథలు

శిల చుట్టూ నడక దారి 10.6 కిలోమీటర్లు. మేము దాన్ని పొద్దున్నే మొదలుపెట్టాం. ఎండాకాలంలో అయితే 11 గంటలలోపే ముగించమని చెప్తారు. దూరం నుంచి నున్నగా కనపడే రాయి దగ్గరికి వెళ్తే గుహలు, పగుళ్ళు, మడతలు, నల్లటి నీటి చారలు. ప్రతిదానికీ ఒక వివరం ఉంది. వంట గుహ వేరు, పిల్లలకి వేట నేర్పే గుహ వేరు, పెద్దవాళ్ళు కూచునే గుహ వేరు. రాతి గోడల మీద ఎర్రమట్టి, సున్నపు తెలుపు, బొగ్గు నలుపులతో వేసిన బొమ్మలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం పిల్లలకి పాఠం చెప్పేందుకు గీసినవి. బడిలో నల్లబల్ల లాంటివి అనుకోవచ్చు.

అక్కడ బయటివాళ్ళకి చెప్పే కథల్లో ముఖ్యమైనది మాల కథ. మాల అంటే కుందేలంత ఉండే ఒక చిన్న కంగారూ జాతి జంతువు. ఈ మాట వినగానే మేము ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మన మాలకీ ఆ మాలకీ సంబంధం లేదు. శబ్దం కలిసినచోటల్లా చుట్టరికం కలిపే పండితులు మన దేశంలో చాలామందే ఉన్నారు, ఆ పని మాకొద్దు. అయినా కథ మాత్రం వినదగ్గది. మాల పూర్వీకులు ఉత్తరం నుంచి వచ్చి ఉలూరు దగ్గర ఇన్మ మొదలుపెట్టారు. పడమటి నుంచి వింటల్కవాళ్ళు వచ్చి తమ క్రతువుకి రమ్మని పిలిచారు. మొదలుపెట్టింది మధ్యలో ఆపటానికి లేదు కాబట్టి మాలలు రాలేమన్నారు. వింటల్కలకి కోపం వచ్చింది. కుర్పాన్ అనే భయంకరమైన కుక్క లాంటి దయ్యాన్ని పుట్టించి మీదికి తోలారు. లూన్ప అనే లకుముకి పిట్ట ఆడమనిషి హెచ్చరించింది. ఎవరూ వినిపించుకోలేదు. కుర్పాన్ వచ్చి కొందరిని చంపింది, మిగిలినవాళ్ళు దక్షిణానికి పారిపోయారు. మొదలుపెట్టిన పని ముగించాలి, హెచ్చరికని పెడచెవిన పెట్టకూడదు అన్నది పిల్లలకి చెప్పే నీతి.

రెండోది ముటిచులు నీటిగుంట దగ్గర చెప్పే కునియ కథ. కునియ అంటే కొండచిలువ ఆడమనిషి. ఆమె మేనల్లుణ్ణి లీరులు, అంటే విషసర్ప వీరులు, ఈటెలతో పొడిచారు. అడగటానికి వెళ్తే ఒక లీరు ఆమెని ఎగతాళి చేశాడు. దుఃఖంతో, కోపంతో ఆమె తన గడ్డలు తవ్వే కర్రతో వాడి తల మీద రెండు దెబ్బలు వేసింది. రాతి మీద ఆ దెబ్బల గుర్తులు రెండు పగుళ్ళుగా ఇప్పటికీ చూపిస్తారు. న్యాయం అడిగిన ఆడమనిషి పనిముట్టే ఆయుధమైన కథ ఇది. మన ఆడవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక విషయం గమనించాలి. మనకి చెప్పేది పిల్లల స్థాయి కథ. పైస్థాయి అర్థాలు దీక్ష పొందిన పెద్దలవి. కొన్ని ఆడవాళ్ళవి, కొన్ని మగవాళ్ళవి. దారిలో కొన్నిచోట్ల ఫొటోలు తియ్యవద్దని బోర్డులు ఉంటాయి. ఆ చోటు గురించి ఏమీ రాసి ఉండదు. చెప్పకపోవటం కూడా వాళ్ళ చట్టంలో భాగమే.

నేల ఎట్లా పోయింది, ఎట్లా వచ్చింది

బ్రిటిష్‌వాళ్ళు 1788లో దిగేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలు మాట్లాడే ప్రజలున్నారు. అయినా అది ‘ఎవరికీ చెందని నేల’ అన్న సూత్రం మీద వలస పాలన నడిచింది. ఆ సూత్రాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టేసింది 1992లో, ఎడ్డీ మాబో కేసులో. అదీ ఆయన చనిపోయిన కొన్ని నెలలకి.

ఉలూరు ప్రాంతాన్ని 1920లో ఆదివాసుల రిజర్వులో కలిపారు. రిజర్వు అన్నారేగానీ రక్షణ లేదు. 1934లో బిల్ మెకిన్నన్ అనే పోలీసు, తప్పించుకున్న ఖైదీలని వెంటాడుతూ ముటిచులు గుంట దగ్గర గుహలో ఒక అనంగు మనిషిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్ళ పేరు పలకకపోవటం అక్కడి మర్యాద కాబట్టి ఆయన పేరు మేమూ రాయటం లేదు. 1935లో విచారణ జరిగింది. కాల్పులు చట్టరీత్యా సమర్థనీయమే, నైతికంగా మాత్రం తగనివి అని తేల్చారు. ఆయన శవాన్ని తవ్వి తీసి అడిలైడ్ తీసుకుపోయారు. మ్యూజియంలో మిగిలిన ఆయన పుర్రె 2022లో గానీ ఉలూరు మట్టికి తిరిగి చేరలేదు. మన దగ్గర విచారణ కమిషన్ల భాష తెలిసినవాళ్ళకి ఆ తీర్పు కొత్తగా అనిపించదు.

1958లో పర్యాటకం కోసం ఈ శిలని రిజర్వు నుంచి విడదీసి జాతీయ పార్కు చేశారు. తమ చోటుకి తాము రావటానికే అనంగులకి అడ్డు చెప్పిన రోజులవి. అప్పుడు దేశమంతటా పరిస్థితి ఏమిటో చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. 1965లో సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థులు బస్సు కట్టుకుని న్యూసౌత్‌వేల్స్ ఊళ్ళు తిరిగారు. నాయకుడు ఆలిస్ స్ప్రింగ్స్‌లో పుట్టిన ఆదివాసీ యువకుడు చార్లెస్ పెర్కిన్స్. మోరీ అనే ఊళ్ళో మునిసిపల్ ఈత కొలనులోకి నల్లపిల్లల్ని రానిచ్చేవారు కాదు. పెర్కిన్స్ ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని కొలను గేటు దగ్గర నిలబడ్డాడు. మహద్‌కీ మోరీకీ మధ్య 38 ఏళ్ళు, సముద్రాలు ఉన్నాయి. గొడవ మాత్రం ఒకటే, నీళ్ళు.

1976లో నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ భూహక్కుల చట్టం వచ్చింది. కానీ ఉలూరు అప్పటికే పార్కు కాబట్టి హక్కు కోరటానికి వీల్లేదని తేలింది. చుట్టూ ఉన్న నేల దక్కి, నడుమ ఉన్న శిల దక్కలేదు. అనంగులు వదల్లేదు. 1983లో ప్రధాని బాబ్ హాక్ తిరిగి ఇస్తామని ప్రకటించాడు. 1985 అక్టోబరు 26న గవర్నర్ జనరల్ నినియన్ స్టీఫెన్ వచ్చి పట్టా చేతికిచ్చాడు. ఆ రోజు ఆకాశంలో ఒక విమానం ‘ఏయర్స్ రాక్ ఆస్ట్రేలియన్లందరిదీ’ అని రాసిన గుడ్డ కట్టుకుని చక్కర్లు కొట్టింది. అందరిదీ అన్న మాట ఎప్పుడు పుడుతుందో చూడండి. కొందరే అనుభవించినన్నాళ్ళూ ఆ మాట వినపడదు, అసలువాళ్ళ చేతికి రాగానే అది అందరిదీ అవుతుంది. మన దగ్గర ప్రతిభ గురించి, బంజరు భూముల గురించి మాట్లాడేవాళ్ళ నోట విన్నదే.

పట్టా ఇచ్చినరోజే ఒక షరతు అమల్లోకి వచ్చింది. అనంగులు ఆ భూమిని 99 ఏళ్ళకి ప్రభుత్వ పార్కుల శాఖకి తిరిగి లీజుకివ్వాలి. నిర్వహణ బోర్డులో అనంగులదే మెజారిటీ. కొండ ఎక్కటం ఆపుతామన్న 1983 నాటి వాగ్దానాన్ని మాత్రం ప్రభుత్వం పక్కన పెట్టింది. అదే 1985లో, జులై 17న, తాగే చెరువు నీళ్ళని మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన తగువు సాకుగా కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. ఒకచోట నేల వాపస్ వచ్చిన ఏడాదే ఇంకోచోట నీళ్ళ కోసం ప్రాణాలు పోయాయి. రెండు చరిత్రలూ ఒకటని మేము అనటం లేదు. పక్కపక్కన పెట్టి చదవాలంటున్నాం.

గొలుసు, చీమలు

1960లలో యాత్రికులు పట్టుకుని ఎక్కటానికి శిల మీద ఇనుప గొలుసు కట్టారు. వరసగా పాకే జనాన్ని చూసి అనంగులు వాళ్ళని ‘మింగ’ అన్నారు. మింగ అంటే చీమలు. అనంగులు ఎక్కవద్దనటానికి కారణాలు మూడు. మొదటిది, ఆ దారి మాల పూర్వీకులు నడిచిన దారి, క్రతువుకి సంబంధించినది. రెండోది, తమ నేల మీదికొచ్చిన అతిథి పడి చనిపోతే ఆ బాధ్యత, ఆ దుఃఖం తమవి. అలా 37 మంది చనిపోయారు. మూడోది, కొండ మీద మరుగుదొడ్డి లేదు, మట్టి లేదు. జనం వదిలినదంతా వాన వస్తే కింద నీటిగుంటల్లోకి వస్తుంది.

వాళ్ళు బలవంతం చెయ్యలేదు. ‘ఇది మా ఇల్లు, దయచేసి ఎక్కకండి’ అన్న అర్థంలో బోర్డు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 1995లో రెండు పాముల ఆకారంలో మట్టి ఇటుకలతో సాంస్కృతిక కేంద్రం కట్టి వివరించారు. 1990లలో నలుగురిలో ముగ్గురి దాకా ఎక్కేవాళ్ళు. 2015 నాటికి అది 16 శాతం దగ్గరికి దిగింది. 2017 నవంబరులో బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. పట్టా వచ్చి సరిగ్గా 34 ఏళ్ళు నిండిన 2019 అక్టోబరు 26న ఎక్కటం చట్టప్రకారం ఆగిపోయింది. గొలుసు పీకేశారు. ఆ దారి మాత్రం లేత రంగు గీతగా రాతి మీద ఇంకా కనపడుతుంది. మనుషుల చెప్పులు అరగదీసిన గుర్తు అది.

నిషేధాలన్నీ ఒకటేనా?

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. బ్రాహ్మణీయ నిషేధానికీ అనంగుల నిషేధానికీ తేడా ఉందా? ఉందని మేము అనుకుంటున్నాం. కానీ ఆ తేడా పవిత్రత అన్న మాటలో దొరకదు, రెండుచోట్లా ఆ మాట ఉంది. పుట్టుకలోనూ పూర్తిగా దొరకదు. ఏ కథ ఎవరిదన్నది అనంగుల దగ్గరా పుట్టుకనిబట్టి, చోటునిబట్టి, ఆడా మగా తేడానిబట్టి నిర్ణయమవుతుంది. దీన్ని దాచిపెట్టి వాళ్ళని ఆదర్శ సమాజంగా చూపటం పరిశోధన కాదు.

తేడా ఎక్కడుందో చూడటానికి మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. నిషేధం వెనక ఎదుటిమనిషి మైలపడ్డవాడన్న భావం ఉందా? నిషేధించేవాడు ఎదుటివాడి నేలనీ నీటినీ కష్టాన్నీ గుంజుకుంటున్నాడా? నిషిద్ధ జ్ఞానం బయటివాడి బతుకుని శాసిస్తున్నదా? గుడి తలుపు మూసినప్పుడు మూడింటికీ జవాబు అవును. వేదం వినకూడదన్నవాడే ఆ వేదం పేరు మీద మన బతుకులకి శాసనం రాశాడు. ఉలూరు దగ్గర మూడింటికీ కాదు. అక్కడ ఎవరూ అంటరానివాళ్ళు కారు. శిల పాదం దాకా అందర్నీ రానిస్తారు, కథ చెప్తారు, నీటిగుంట చూపిస్తారు. వాళ్ళ రహస్యం వాళ్ళ మీదే బాధ్యతగా ఉంటుంది, మన మీద అధికారంగా కాదు. పైగా నేల పోగొట్టుకున్నవాళ్ళు అనంగులే. అన్నీ పోయిన మనుషులు ‘ఇది ఒక్కటి వదిలెయ్యండి’ అనటం వేరు, అన్నీ ఉన్నవాడు ‘ఇది కూడా ముట్టుకోవద్దు’ అనటం వేరు.

వాళ్ళలో ఆడా మగా చోట్ల విభజన గురించి ఒక మాట. ఆడవాళ్ళకి సొంత క్రతువులు, సొంత చోట్లు, వాటి మీద అధికారం ఉన్నాయి. దాని మంచిచెడ్డలు తేల్చుకోవలసింది ఆ ఆడవాళ్ళే. మన తరఫున ఇతరులు మాట్లాడితే మనకెట్లా ఉంటుందో అది గుర్తుంచుకుంటే చాలు.

మన వైపు నుంచి ఇంకో పాఠం ఉంది. మన కొండల మీది ఆదివాసీ దేవతలకి తర్వాత్తర్వాత పురాణాలు అల్లి, పెళ్ళిళ్ళు చేసి, దేవస్థానాలు కట్టిన చరిత్ర ఉంది. అహోబిలంలో చెంచులక్ష్మి కథ తెలిసిందే. నేల విషయంలో 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనులని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు తమ కొండని తవ్వవద్దన్నాయి. ‘వద్దు’ అనే హక్కు కాగితం మీద వచ్చినా దాన్ని నిలబెట్టుకోవటం రోజువారీ పోరాటమేనని ఉలూరూ చెప్తుంది, మన్యమూ చెప్తుంది.

మిగిలిన మాట

కొండ ఎక్కటం ఆగింది కాబట్టి కథ సుఖాంతం అనుకోవటానికి లేదు. శిల పక్కనే ముటిచులు అనే అనంగుల పల్లె ఉంది. 20 కిలోమీటర్ల దూరాన యులారాలో చల్లటి గదుల హోటళ్ళు ఉన్నాయి. రెంటికీ తేడా చూస్తే ఊరూ వాడా గుర్తుకొస్తాయి. 2007లో పిల్లల రక్షణ పేరు మీద ప్రభుత్వం నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ పల్లెల్లోకి సైన్యాన్ని కూడా దింపి, జాతి వివక్ష నిరోధక చట్టాన్నే వాళ్ళ విషయంలో పక్కన పెట్టింది. మొదట దిగిన పల్లెల్లో ముటిచులు ఒకటి. 2017లో దేశం నలుమూలల నుంచి వచ్చిన మూలవాసీ ప్రతినిధులు ఉలూరు దగ్గర కూచుని, రాజ్యాంగంలో తమ గొంతుకి చోటు కావాలని ఒక ప్రకటన చేశారు. 2023 అక్టోబరు 14న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 60 శాతం మంది వద్దన్నారు. అది చాలదు, ఒప్పందమే కావాలి అన్న మూలవాసులూ ఉన్నారు. కానీ నార్తర్న్ టెరిటరీ మారుమూల ఆదివాసీ పల్లెల పెట్టెల్లో మాత్రం అవునన్న ఓట్లే ఎక్కువ. మెజారిటీ ఓటు మీద మైనారిటీ హక్కు ఆధారపడితే ఏమవుతుందో పూనా ఒడంబడిక నాటినుంచీ మనకి తెలుసు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఉలూరు చూట్టానికి వెళ్ళేవాళ్ళూ పెరిగారు. వెళ్ళేవాళ్ళకి మేము చెప్పేది కొంచెమే. ఏయర్స్ రాక్ అనకండి. మాల దారిలో నడవండి, ఫొటో వద్దన్నచోట కెమెరా దించండి. అక్కడి రాయి ముక్క జేబులో వేసుకోకండి. అట్లా తెచ్చుకున్నవాళ్ళు తర్వాత మనసొప్పక క్షమించమని ఉత్తరం రాసి పోస్టులో వెనక్కి పంపుతుంటారు. ఆ రాళ్ళకి అక్కడ ‘సారీ రాళ్ళు’ అని పేరే పడింది. బొమ్మ కొనాలనుకుంటే అనంగుల సొంత సంస్థ మరుకు దగ్గర, వాళ్ళు చెక్కిన కొయ్య సామాను కొనండి. అన్నిటికీ మించి, ఇంటి దగ్గర కులం పాటిస్తూ అక్కడ మూలవాసుల సంస్కృతికి జోహార్లు అనకండి.

మాల అనే ఆ చిన్న జంతువు సంగతి చెప్పి ముగిస్తాం. తెల్లవాళ్ళు తెచ్చిన నక్కలు, పిల్లులు, మారిపోయిన మంటల పద్ధతి కలిసి దాన్ని తుడిచిపెట్టాయి. 1991 నాటికి ప్రధాన భూభాగపు అడవుల్లో అది లేకుండా పోయింది. అనంగులు, పార్కు శాఖ కలిసి 2005లో ఉలూరు దగ్గర కంచె కట్టి 24 మాలల్ని తెచ్చి వదిలారు. అవి అక్కడ పిల్లల్ని పెట్టాయి. కంచె లోపల పెట్టటం కోసం కట్టిందా, బయట పెట్టటం కోసం కట్టిందా అని ప్రతి కంచెనీ అడగాలి. ఆ కంచె మాత్రం ఆ జీవి బతకటానికి కట్టింది.